తొంభై ఎనిమిది కిలోలు

సంచిలో సకినాల డబ్బా పెట్టాను. తన్మయి దాన్ని తీసి మంచం మీద పెట్టింది. మామిడికాయ తొక్కు సీసా పెట్టాను. అదీ తీసింది. దుప్పటి పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

"అమ్మా, నేను పోయేది అనంతగిరికి. రేపు పోయి ఎల్లుండి వస్త. కాశీకి పోతలేను."

"చలి ఉంటదేమోనే గుట్టల మీద."

"నాకు చలేందమ్మా? నా దుప్పటి నా ఒంటి మీదనే ఉన్నది." తన మీద తను జోకు వేసుకోవడం దానికి బడి రోజుల నుంచీ అలవాటు. ఎదుటివాళ్లు వేయక ముందే తనే వేసేది. "సైకిల్ దుకాణం కరుణాకర్ అన్న ఏం చెప్పిండు? సంచి బరువు గూడ మనిషి బరువే అన్నడు. రెండూ కలిపి లెక్క."

సకినాల డబ్బా మూత తీసి, సగం సకినాలు పళ్లెంలో పోసి, మిగతా సగాన్ని కవర్లో కట్టి మళ్లీ సంచిలో పెట్టాను. ఈసారి అది తీయలేదు.

ఆ రోజు రాఖీ పున్నమి. పొద్దున తమ్ముడికి రాఖీ కట్టి, మిఠాయి నోట్లో పెట్టింది. రాజీవ్ అది నములుతూనే, "అక్కా, రేపు ఆ సైకిల్‌కు గూడ ఒక రాఖీ కట్టి పో. దానికే రక్ష కావాలె," అన్నాడు.

నాకు సంచులు సర్దడమంటే భయం. ఇరవై ఆరేళ్ల కింద ఎన్నికల డ్యూటీకి పోతున్న మా ఆయన సంచి సర్దింది నేనే. మూడో రోజు సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. ఇస్త్రీ మడతలు విప్పని చొక్కా అందులో అలాగే ఉంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు గడప దాటినా వెనక నుంచి అడిగి మరీ 'పోయొస్త' అనిపించుకుంటాను. కూరగాయలకు పోయినా సరే.

తన్మయికి అప్పుడు ముప్పై నాలుగేళ్లు. హిమాయత్‌నగర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. బరువు నూట ఇరవై నాలుగు కిలోలు. ఈ అంకె నేను ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. నోటితో ఇప్పటికీ అనలేదు.

మే నెలలో దాని మోకాళ్లు చూసిన డాక్టరు, నడక వద్దు, సైకిలు తొక్కమన్నాడు. సైకిలు మీద ఒంటి బరువు మోకాళ్ల మీద పడదట. ముందు ఒక పెద్ద షోరూముకు వెళ్లాం. అక్కడి పిల్లవాళ్లు ముగ్గురూ దాన్ని కింద నుంచి పైకి చూసి, "గిఫ్ట్ కొరకా మేడమ్?" అన్నారు. నాకే అని తన్మయి అంటే, ఒకడు దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు. సైకిలు తొక్కేటప్పుడు వేసుకునే చొక్కాలు అడిగింది. "లేడీస్‌ల గిదే పెద్ద సైజు. రెండు కొని మధ్యల అతుకేయించుకోండ్రి," అన్నాడు రెండోవాడు. తన్మయి హెల్మెట్ ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. సరిగ్గా సరిపోయింది.

"చూసినవా అమ్మా, నా ఒంట్ల దుకాణంల దొరికే సైజు తలకాయ ఒక్కటే," అంది. అదొక్కటే కొనుక్కుని బయటికి వచ్చాం. ఆటోలో ఇంటి దాకా దాన్ని తల మీద నుంచి తీయలేదు.

ఎవరో ఆఫీసులో చెబితే జూన్‌లో, మృగశిర కార్తె నాడు, నారాయణగూడ సందులో ఉన్న కరుణాకర్ దుకాణానికి వెళ్లాం. చిన్న దుకాణం. పైన చక్రాలు వేలాడుతుంటాయి. కరుణాకర్‌కు యాభై దాటి ఉంటాయి. మందపాటి కళ్లద్దాలు. తన్మయిని చూసి అతను నవ్వలేదు. జాలిగానూ చూడలేదు. టైలరు చూసినట్టు చూశాడు.

ఒక అట్టముక్క తెచ్చి బల్ల మీద వేసి, "జర దీని మీద కూసొని లేవుండ్రి మేడమ్," అన్నాడు. తన్మయి బిక్కమొహం వేసి నన్ను చూసింది. కూర్చుని లేచింది. అట్ట మీద రెండు గుంటలు పడ్డాయి. అతను స్కేలుతో ఆ రెండింటి మధ్య కొలిచి కాగితం మీద రాసుకున్నాడు.

"సీటు ఎముకలను బట్టి గావాలె. లావున్నోళ్లకు మెత్తటి సోఫా లెక్కటి సీటు గావాలనుకుంటరు అందరు. తప్పు. మెత్తదైతే కిందికి దిగవడి ఒరుస్తది. పది కిలోమీటర్లకు పుండ్లయితయి. జర గట్టిది, వెడల్పుది ఇస్త. మొదటి వారం నన్ను తిట్టుకుంటరు. రెండో వారం మర్చిపోతరు."

"నాకు తిట్లు తినుడే అలవాటు లే అన్నా, తిట్టుడు గాదు," అంది తన్మయి.

"గీడ ఎవ్వరు తిట్టరు."

ఉక్కు ఫ్రేము ఉన్నది చూపించాడు. వెడల్పు టైర్లు ఉన్నది. గాలి రోజూ పొద్దున చూసుకోవాలన్నాడు. బరువున్న మనిషికి గాలి తక్కువైతే ట్యూబు రిమ్ముకు కొట్టుకుని చిరుగుతుందట. ఆయన చెబుతుంటే తన్మయి క్లాసులో పిల్లలా విన్నది. దాని ఒంటి గురించి ఒక మనిషి ఇంతసేపు నవ్వకుండా మాట్లాడడం నేనూ మొదటిసారి విన్నాను.

"సందు దాక తొక్కి చూసి రాండ్రి," అని సైకిలు ఇచ్చాడు. అది బయటికి వెళ్లింది. అప్పుడు కరుణాకర్ ఒక కార్డు, పెన్ను తీసుకుని నా వైపు తిరిగాడు.

"అమ్మా, మేడమ్ బరువెంత? బరువంత ఎనక చక్రం మీదనే పడ్తది. వంద లోపలైతే కంపెనీ చక్రం సాలు, ముప్పై రెండు స్పోకులది. వంద దాటితే నేనే ముప్పై ఆరు స్పోకులతోని గట్టి చక్రం కడ్త. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

దుకాణంలో మేమిద్దరమే ఉంటే ఏం చెప్పి ఉండేదాన్నో నాకు తెలియదు. మూలన స్టూలు మీద విశ్వేశ్వరరావు పేపరు చదువుతున్నాడు. మా సందులోనే ఉంటాడు. మా వాళ్లలో సంబంధాలు కుదిర్చేది ఆయనే. నిజామాబాద్ సంబంధం ఒకటి అప్పటికి ఆయన చేతిలో ఉంది. పిల్లవాడికి నలభై ఏళ్లు, మొదటి భార్య పోయింది. 'పిల్ల జర బొద్దుగున్నా పర్వాలేదంటున్నరు, మరీ ఎక్కువ కావద్దు' అని ఆయన నాతో రెండు రోజుల కిందటే అన్నాడు. పేపరు అలాగే పట్టుకుని ఉన్నాడు గానీ పేజీ తిప్పడం లేదు.

నా బిడ్డ గురించి ఎవరు ఏ అంకె అడిగినా తగ్గించి చెప్పడం నాకు అలవాటు. పసిపిల్లప్పుడు దిష్టి తగులుతుందని తగ్గించాను. 'ఎన్ని రొట్టెలు తింటది?' అంటే ఒకటి తక్కువ చెప్పేదాన్ని. తర్వాత బయోడేటాలో వయసు మూడేళ్లు తగ్గించి, బరువు రాయకుండా వదిలేశాను. నోరు దానంతటదే తీసివేత చేస్తుంది.

"తొంభై ఎనిమిది," అన్నాను.

విశ్వేశ్వరరావు పేపరు దించాడు. "అంతేనా నళినమ్మా? నేను ఇంకెంతో అనుకున్న," అని నవ్వాడు.

కరుణాకర్ నా మొహంలోకి ఒకసారి చూశాడు. ముప్పై ఏళ్లుగా చక్రాలు కడుతున్న మనిషి. తల వంచుకుని కార్డు మీద తొంభై ఎనిమిది అని రాశాడు.

తన్మయి తిరిగి వచ్చింది. మొహమంతా చెమట. అంత వెలుగు దాని మొహంలో నేను చాలా ఏళ్లుగా చూడలేదు. "అమ్మా, అన్న అడిగినవన్నీ చెప్పినవా?"

"చెప్పిన."

అది జూన్ అంతా తొక్కింది. తెల్లవారకముందే లేచి చక్రాలకు గాలి కొట్టుకునేది. నేను చాయ్ చేసి ఇచ్చేదాన్ని. ముందు చిక్కడపల్లి చుట్టూ. తర్వాత ట్యాంక్‌బండ్ దాకా. అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లలు చాయ్ బండ్ల దగ్గర నిలబడి 'రోడ్ రోలర్ వస్తున్నది, జరుగుర్రి' అనేవారట. ఇంటికి వచ్చి అదే చెప్పి నవ్వేది. జులై వచ్చేసరికి వాళ్లలో ఒకడు చెయ్యి ఊపడం మొదలుపెట్టాడని చెప్పింది. ఆ రోజు నవ్వలేదు, మామూలుగా చెప్పింది.

బోనాలకు చుట్టాలు వచ్చారు. అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు తన్మయి, ఆగస్టులో సైకిలు వాళ్ల గుంపుతో అనంతగిరి గుట్టలకు పోతున్నానని చెప్పింది. రాజీవ్ మటన్ ముక్క చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అందరు వినుండ్రి. మా అక్క గుట్ట ఎక్కుతదంట. గుట్టను ఎవరన్న అడిగిండ్రా?"

అందరూ నవ్వారు. మా ఆడపడుచు పొలమారి నీళ్లు తాగింది.

"నీకేమైతుందిరా?" అంది తన్మయి.

"నాకేమైతుందా? నీ పెండ్లయితెనే నా పెండ్లి అని అమ్మ కూసున్నది. నువ్వు తగ్గితెనే నా మెడల దండ పడేది. ముప్పై ఒకటి నడుస్తున్నయి నాకు. నీ ఒంటి మీది కిలో కిలో నేను మోస్తున్న."

అప్పుడు నవ్వినవాళ్లు తక్కువ. తన్మయి పళ్లెంలో అన్నం కలుపుతూ, "సరే, ఇంక మొయ్యకు. సైకిలున్నది," అంది. నేను రాజీవ్‌కు ఇంకో ముక్క వేశాను.

నేను బడికి మూడో తరగతి దాకే పోయాను. తర్వాత చదివిందంతా నా అంతట నేను చదివిందే. పొట్లాలు కట్టిన కాగితాలు, మా ఆయన ఆఫీసు సర్క్యులర్లు, ఆ తర్వాత లైబ్రరీ పుస్తకాలు. కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఇంగ్లీషు కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుని, అర్థమైన మాట మీద పెన్సిలుతో తెలుగు రాసుకుంటాను. చదవడం పూర్తయితే కింద తేదీ వేస్తాను. పరీక్ష రాయని దాన్ని కదా, ఆ తేదీయే నాకు మార్కులు.

బోనాలు అయిన రెండో రోజు అలమర సర్దుతుంటే సైకిలుతో ఇచ్చిన కాగితం దొరికింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చదివాను. మూడో మడతలో ఒక వాక్యం. దాని మీద మాట మాటకూ రాసుకున్నాను. 'మనిషి. సామాను. కలిపి. 115 కిలోలు. మించరాదు.' ఇంకో వాక్యం. 'మించితే చక్రం విరుగును. ప్రమాదం.'

కింద తేదీ వేశాను. కాగితం మడిచి, చదువుతున్న లైబ్రరీ పుస్తకంలో పెట్టాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

రాఖీ మర్నాడు, చీకటి ఉండగానే తన్మయి బయలుదేరింది. గేటు దగ్గర హెల్మెట్ బిగించుకుంటుంటే, "పోయొస్త అను," అన్నాను.

"పోయొస్తనే. అనకుంటె నువ్వు గేటు తియ్యవు గద."

సైకిలు కదిలినప్పుడు వెనక చక్రం నుంచి టిక్, టిక్ అని సన్నటి చప్పుడు వచ్చింది. సందు మలుపు దాకా నాకు అది వినపడింది.

పదిన్నరకు ఫోను వచ్చింది. చేవెళ్ల దాటాక ఒక దిగుడులో స్పోకులు ఒకటి తర్వాత ఒకటి తెగాయట. చక్రం వంకరపోయి బ్రేకుకు పట్టేసిందట. మోచెయ్యి, గడ్డం చెక్కుకుపోయాయి. వెనక లారీ ఉంటే ఏమయ్యేదో వాళ్లెవరూ అనలేదు. గుంపులోవాళ్లు కట్టు కట్టి, చెట్టు కింద కూర్చోబెట్టి, వెళ్లమని అదే అంటే ముందుకు వెళ్లారు. రాజీవ్ ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయాడు.

వాడు వెళ్లగానే అక్కను పలకరించలేదు. ముందు ఫోను తీశాడు. ఆ వీడియో మా చుట్టాల గ్రూపులో నేనూ చూశాను. తన్మయి చెట్టు కింద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. గడ్డం మీద గుడ్డ. ఒళ్లో కవరు, సకినాలు తింటోంది. పక్కన ఎనిమిది అంకెలా వంగిన చక్రం. రాజీవ్ గొంతు. "డ్రైవర్ అన్న అడుగుతున్నడు, సైకిల్ ఒక ట్రిప్పు, అక్క ఒక ట్రిప్పా అని." డ్రైవరు నవ్వు. చివర్లో చక్రాన్ని చూపిస్తున్న వాడి చెయ్యి, ఆ మణికట్టుకు కొత్త రాఖీ.

సాయంత్రానికి నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. విశ్వేశ్వరరావు కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఆయన ఏ బొమ్మా పెట్టలేదు. నిజామాబాద్ వాళ్లు వద్దన్నారని మర్నాడు ఫోను చేసి చెప్పాడు.

మంగళవారం తన్మయి ఆ చక్రం పట్టుకుని కరుణాకర్ దగ్గరికి పోతానంటే నేనూ వెళ్లాను. వద్దన్నా వెళ్లాను. అతను చక్రాన్ని చేతిలో తిప్పి చూసి, డబ్బాలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, తప్పు నాది గూడ ఉన్నది. నా కంటికి కనబడ్డది. కానీ కన్నతల్లి చెప్పిన మాటను కాదని ఎట్లనాలె?"

తన్మయి కార్డు చదివింది. చాలాసేపు చదివింది, ఉన్నది ఒక్క అంకే అయినా. తర్వాత నా వైపు చూసి, నేను ఊహించనట్టు, నవ్వేసింది.

"తొంభై ఎనిమిదా? అమ్మా, నేను ఇంటర్‌ల గూడ అంత తక్కువ లేకుంటి గద?" అంది. కరుణాకర్ వైపు తిరిగి, "మా అమ్మ గట్లనే అన్నా. నా గురించి ఏదడిగినా డిస్కౌంట్ ఇస్తది," అంది.

దార్లో నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ఆ సాయంత్రం నాకు అంతా అయిపోయిందనిపించింది. గట్టెక్కాననుకున్నాను.

గురువారం పొద్దున ఆఫీసుకు పోతూ, "నీ పుస్తకం గడువు దాటింది, ఇచ్చేసి పోత," అని నా దిండు పక్కన ఉన్న లైబ్రరీ పుస్తకం తీసుకుంది. నేను స్నానానికి పోతున్నాను. సరే అన్నాను. నీళ్లు పోసుకుంటుంటే గుర్తొచ్చింది. తడి బట్టలతో గేటు దాకా వచ్చాను. సందులో ఎవరూ లేరు.

అది ఆఫీసుకు పోలేదు. అరగంటలో తిరిగి వచ్చింది. కాగితం నా ముందు పరిచింది. నా పెన్సిలు రాత. నా తేదీ.

"ఇరవై రెండు జులై," అంది.

నేను కాగితం మడవబోతే దాని మీద చెయ్యి పెట్టింది.

"పంతొమ్మిది రోజులమ్మా. పంతొమ్మిది రోజులు నేను పొద్దున లేచి గాలి కొట్టుకుంటుంటె చాయ్ తెచ్చిచ్చినవు. చక్రం విరుగును అని నీ చేత్తోని రాసుకొని, నాకు సకినాలు కట్టినవు."

"చెప్తె నువ్వు బాధపడ్తవని..."

"నాకు బరువు తెల్వదా? రోజూ మోసేది నేను."

"ఆ విశ్వేశ్వరరావు ముంగట ఎట్ల చెప్పాలెనే? ఒకసారి చెప్పినంక మల్ల ఎట్ల మార్చాలె?"

"ఆ రోజు గాదు. ఆ రోజుది నేను నవ్వి ఊకున్న. తర్వాత ఎందుకు చెప్పలే?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఇప్పటికీ ఉంది. చక్రం మా సందు చివరలోనో, నారాయణగూడ చౌరస్తాలోనో విరుగుతుందనుకున్నాను. విరిగితే మానేస్తుందనుకున్నాను. అనంతగిరి తర్వాత శ్రీశైలం అంటోంది, దాని తర్వాత ఇంకేదో అంటుంది. మానేస్తే ఇంట్లోనే ఉంటుంది. ఇదంతా నేను అనుకున్నానని కూడా నాకు అప్పుడు తెలియదు. ఆ నిమిషంలో అది అడిగితే తెలిసింది. చెప్పలేదు.

"రాజీవ్ నన్ను చూసి నవ్విండు," అంది తన్మయి. "షోరూమోళ్లు నవ్విండ్రు. వాళ్లకు నేను ఎంతున్ననో గంత కనబడ్డ. నువ్వొక్కదానివే నన్ను తక్కువ చేసినవు."

గట్టిగా అనలేదు. కాగితం తిరిగి నాలుగు మడతలూ మడిచి నా చేతిలో పెట్టింది.

మూడు రోజులు ఇంట్లో తిన్నది, పడుకున్నది. ఆదివారం పొద్దున దాని గదిలో అలికిడి అయితే వెళ్లి చూశాను. సంచి సర్దుకుంటోంది. పాత సూట్‌కేసు కూడా కిందికి దించింది. నేను చీరకొంగుతో సంచి దుమ్ము తుడవబోయాను.

"నువ్వు పెట్టకమ్మా," అంది.

నల్లకుంటలో ఉద్యోగం చేసే ఆడపిల్లల హాస్టలు చూసుకుందట. రాజీవ్ హాల్లో టీవీ చూస్తూ, "అక్కా, మంచాలు గట్టిగున్నయా ఆడ?" అన్నాడు. అది ఆగి, వాడి తల మీద చెయ్యి వేసి, జుట్టు చెరిపి, చెప్పులేసుకుంది.

గేటు దగ్గర నేను అడ్డం నిలబడ్డాను. "పోయొస్త అను," అన్నాను.

"పోతున్నమ్మా," అంది. నేను గేటు తీయలేదు. అదే తీసుకుంది.

నల్లకుంట మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. రెండుసార్లు పోయాను. కింద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, బాగున్నావా అని అడిగింది. ఇంటికి రమ్మంటే ఆఫీసు పని ఉందంది. నవంబరులో రాజీవ్ పెళ్లి అయింది. తన్మయి రాలేదు, మా ఆడపడుచు చేతికి బట్టలు పంపింది. వాడి కొలత సరిగ్గా తెలుసు దానికి, చొక్కా సరిపోయింది.

డిసెంబరులో ఒకసారి కరుణాకర్ దుకాణానికి వెళ్లాను. ఏం కావాలమ్మా అని అడిగితే పైన వేలాడే చక్రాలను చూస్తూ నిలబడ్డాను. కాసేపు చూసి, అతను డబ్బాలోంచి కొత్త కార్డు తీసి నా ముందు పెట్టి, పనిలో పడ్డాడు. వెనక చక్రం, ముప్పై ఆరు స్పోకులు. బరువు దగ్గర ఉన్నది అతని రాత కాదు, నా బిడ్డ రాత. నూట ఇరవై నాలుగు. కింద గీత గీసి ఉంది.

నేను దాన్ని పూర్తిగా చదివాను. తేదీ వేయలేదు.

తన్మయి మా ఇంటికి మళ్లీ రాలేదు. పోయింది 17-8-25, ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నరకు.